పారేసిన ముక్కల లెక్క

పేకాటలో ఎదుటివారిని చదవడమంటే వారి ముఖం చదవడమేనని మనలో చాలామంది గట్టిగా నమ్ముతారు. కనుబొమ్మ కాస్త పైకి లేచిందా, గొంతు తడారిందా, చేతివేళ్ళు ముక్కల మీద తచ్చాడాయా అని చూసి, అందులోంచి మూసిన ముక్కలేమిటో పట్టేయవచ్చని అనుకుంటారు. నేను కూడా చాలాకాలం అలాగే అనుకున్నాను. ఏడు ముక్కల స్టడ్ అనే పోకర్ ఆటను నాలుగేళ్ళుగా తిరుపతిలో, కొర్లగుంటలోని మా మేడ మీద, ప్రతి ఆదివారం రాత్రి ఇంటివాళ్ళతోనూ ఇరుగుపొరుగుతోనూ ఆడుతూ వచ్చాక నాకు ఆ నమ్మకం పూర్తిగా పోయింది. ఎదుటివారు దాచుకున్నదేమిటో తెలిసేది ముఖాన్ని బట్టి కాదు, బల్ల మీద పడి వెనక్కి వెళ్ళిపోయిన ముక్కలను బట్టి, ఏ ముక్క పడినప్పుడు ఎవరు ఎంత పందెం కట్టారన్న వరుసను బట్టి అని ఇప్పుడు నా అభిప్రాయం. దీన్ని నాకు నేర్పినది అయిదో తరగతితో చదువు ఆపేసిన మా పెద్దమ్మ. ఇరవై ఏళ్ళుగా జూనియర్ కాలేజీలో సంభావ్యత పాఠాలు చెబుతున్న నాకు ఆమె ఆ లెక్కను చింతగింజలతో చెప్పింది.

చింతగింజలని ఊరికే అనలేదు. మేము డబ్బుతో ఆడము. మన రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది. 2020 సెప్టెంబరులో దాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే రమ్మీని, పోకర్‌ను కూడా నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించేలా మరో చట్టం చేసింది. ఆ చట్టాలు లేకపోయినా మా పెద్దమ్మ ఇంట్లో డబ్బు పెట్టి ముక్క పంచనిచ్చేది కాదు. పండు కొట్టి చింతపండు వేరు చేశాక మిగిలే నల్లటి, నున్నటి గింజలు ఆమె దగ్గర ఒక సీసా నిండా ఉన్నాయి. ఆట మొదట్లో ఒక్కొక్కరికి రెండు వందలు లెక్కపెట్టి ఇస్తుంది. మిగిలినవాటి లెక్క నోటు పుస్తకంలో వారం నుంచి వారానికి సాగుతుంది. అందరికంటే తక్కువగా మిగిలినవారు ఆ రాత్రి టీ గ్లాసులు కడగాలి.

డబ్బు లేకపోతే ఎవరూ ముక్కలు పారేయరు, ఊరికే చివరిదాకా వస్తారు, అప్పుడది ఆటే కాదు అని మా బావ మొదట్లో వాదించాడు. అట్లాంటాలో ఉన్న పదేళ్ళలో ఆయన ఈ ఆట నేర్చుకుని, తిరిగివచ్చి మాకు చూపించాడు కనుక ఆ మాటకు బరువుంది. అయితే గింజలకు లెక్క ఉండి, ఆ లెక్క వచ్చే వారానికి కూడా వెంటవస్తే, మనిషి వాటిని కూడా ఆచితూచే ఖర్చుపెడతాడని రెండు నెలల్లోనే తేలిపోయింది. గింజ ఎందుకూ కొరగాకపోవచ్చు గానీ, తప్పుడు లెక్కతో దాన్ని పోగొట్టుకున్నప్పటి బాధ మాత్రం నిజమైనదే.

ఆట తెలియనివారి కోసం నడక క్లుప్తంగా చెబుతాను. పంచే ముందు అందరూ తలా ఒక గింజ బూటు వేస్తారు. ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి, ఒకటి తెరిచి పంచుతారు. తెరిచిన ముక్కల్లో అందరికంటే చిన్నది ఎవరిదైతే వారు తప్పనిసరిగా తొలి పందెం కట్టాలి. మా బల్ల మీద అది రెండు గింజలు. మిగిలినవారు వరుసగా దానికి సరిపెట్టవచ్చు, నాలుగుకు పెంచవచ్చు, లేదా ప్యాకు చేసి తప్పుకోవచ్చు. ఆ తరువాత నాలుగో ముక్క, అయిదో ముక్క, ఆరో ముక్క తెరిచి, ఏడో ముక్క మళ్ళీ మూసి పంచుతారు. ప్రతి ముక్క తరువాతా ఒక పందెపు చుట్టు ఉంటుంది. ఈ చుట్టులను వీధులంటారు, మూడో వీధి నుంచి ఏడో వీధి దాకా మొత్తం అయిదు. నాలుగో వీధి నుంచి, తెరిచిన ముక్కలు ఎవరివి పెద్దవైతే వారే ముందు మాట్లాడాలి. మూడు, నాలుగు వీధుల్లో పందెం నాలుగు గింజలు, అయిదో వీధి నుంచి ఎనిమిది. చివరికి మిగిలినవారు తమ ఏడింటిలోంచి మంచి అయిదు ముక్కలు చూపిస్తారు. ఎనిమిది మందికి మించి ఈ ఆటకు కూర్చోలేరు. ఆ ఎనిమిది మందీ చివరిదాకా ఉన్నా 56 ముక్కలు కావాలి, కట్టలో ఉన్నవి 52. అలాంటి అరుదైన సందర్భంలో ఆఖరి ముక్కను బల్ల మధ్యలో పరిచి అందరూ దాన్నే వాడుకుంటారు.

ఈ అమరికలో ఉన్న విశేషమంతా తెరిచిన ముక్కల్లోనే ఉంది. ఇప్పుడు లోకమంతా పోకరంటే టెక్సస్ హోల్డెమ్ అనే అనుకుంటోంది. అందులో ఒక్కొక్కరికి రెండు మూసిన ముక్కలు, అందరికీ ఉమ్మడిగా మధ్యలో అయిదు తెరిచిన ముక్కలు. తప్పుకున్నవారి ముక్కలు ఎవరికీ కనపడకుండానే కట్టలోకి పోతాయి కాబట్టి అక్కడ గుర్తుపెట్టుకోవడానికి పారేసిన ముక్కలంటూ ఉండవు. 2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంటు అమెరికాలో జరిగే ప్రపంచ పోకర్ పోటీ గెలవడమూ, మూసిన ముక్కలను ప్రేక్షకులకు చూపించే చిన్న కెమెరాలు అప్పటికే బల్లల అంచుల్లో అమరడమూ కలిసి హోల్డెమ్‌ను టీవీ ఆటగా మార్చేశాయి. ముక్కలు తెలిసిపోయిన ప్రేక్షకుడికి ఇక చూడడానికి మిగిలేవి ముఖాలే. నల్లకళ్ళద్దాలు, నెత్తిన కప్పుకున్న టోపీలు, నిమిషాల తరబడి గుచ్చి చూడడాలు మన కళ్ళకు పోకర్‌గా స్థిరపడిపోయింది ఆ రోజుల్లోనే. అంతకుముందు అమెరికా తూర్పు తీరంలో ఏళ్ళ తరబడి రాజ్యమేలిన స్టడ్ ఇప్పుడు కలగలుపు పోటీల్లో ఒక భాగంగా మిగిలింది. 2006లో 50,000 డాలర్ల ప్రవేశ రుసుముతో జరిగిన హార్స్ పోటీని చిప్ రీస్ అనే ఆటగాడు గెలిచాడు; ఆ పేరులోని ఒక్కో ఇంగ్లీషు అక్షరం ఒక్కో పోకర్ ఆటకు గుర్తు, ఆ అయిదు ఆటల్లో స్టడ్ ఒకటి. మంచి ఆట మూలన పడిపోయిందని నాకు నిజంగా బాధగా ఉంటుంది.

మన తెలుగువాళ్ళకు ఈ ఆట అంత పరాయిదేమీ కాదు. రమ్మీ ఆడేవారు ఎవరు ఏ ముక్క ఎత్తారు, ఏది పారేశారు అన్నది గుర్తుపెట్టుకోవడం చిన్నప్పటి నుంచే నేర్చుకుంటారు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద పోలీసులు పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళినప్పుడు, 1968 నాటిదిగా న్యాయవాదులు ఇప్పటికీ ఉదహరించే ఆ తీర్పులో కోర్టు ఈ సంగతినే పట్టుకుంది. రమ్మీ కేవలం అదృష్టం మీద నడిచే ఆట కాదని, పడిన ముక్కలను జ్ఞాపకం ఉంచుకోవాలని, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియడానికి నేర్పు కావాలని చెబుతూ, దానికి ఎదురుగా మూడు ముక్కలాటను అదృష్టపు ఆటగా చూపించింది. స్టడ్ ఈ రెండింటికీ మధ్యన ఉంది. మొదటి మూడు ముక్కలు అచ్చం మూడు ముక్కలాటలాగే పడతాయి. మూడూ ఒకటే రావడం ఇక్కడైనా అక్కడైనా 425 సార్లకు ఒక్కసారే. కానీ ఆ తరువాత పడే ప్రతి తెరిచిన ముక్కా దాన్ని రమ్మీ వైపు లాక్కువస్తుంది.

అయితే రమ్మీ నుంచి ఈ ఆటకు వచ్చేవారు జ్ఞాపకంతో పాటు ఒక అలవాటును కూడా తెచ్చుకుంటారు, అది మంచిది కాదు. రమ్మీలో చేతికి వచ్చిన ముక్కలు ఎంత చెత్తవైనా, ఒక్క జోకరు పడితే కుదురుతుందేమోనని కూర్చుంటాం. 101 రమ్మీలో మొదటే స్కూటు చేస్తే, అంటే ఆడకుండా తప్పుకుంటే, మీద పడేవి 20 పాయింట్లు, మధ్యలో అయితే 40, చివరిదాకా ఉండి దొరికిపోతే 80 దాకా. ఇది తెలిసి కూడా ఎంతమంది మొదటే స్కూటు చేస్తారు? స్టడ్‌లో ఈ లెక్క ఇంకా నిక్కచ్చిగా ఉంటుంది. మూడో వీధిలో తప్పుకుంటే పోయేది బూటు గింజ ఒక్కటే. ఎవరూ పందేలు పెంచకపోయినా, నాలుగు గింజల పందెంతో చివరిదాకా నడిస్తే నాలుగు, నాలుగు, ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది, మొత్తం ముప్పయి రెండు గింజలు పోతాయి. అందుచేత ఈ ఆటలో అతి ముఖ్యమైన పందెం మూడో వీధిలో కట్టకుండా వదిలేసే పందెమే. పందెం రెట్టింపయ్యే అయిదో వీధి రెండో గడప. అది దాటినవారు సాధారణంగా చివరిదాకా వస్తారు, మధ్య కుప్ప అప్పటికే పెద్దదై ఉంటుంది కనుక చాలాసార్లు రావడమే సబబు కూడా. కాబట్టి దాటేముందే ఆలోచించాలి.

ఆ ఆలోచనలో పారేసిన ముక్కల పాత్ర ఎంతో ఒక్క ఉదాహరణతో చూపిస్తాను. మీకు మొదటి మూడు ముక్కలూ ఇస్పేట్లు వచ్చాయనుకోండి. చూసిన ప్రతివారికీ ముచ్చటగొలిపే చెయ్యి. ఆరుగురు కూర్చున్న బల్ల మీద మిగిలిన అయిదుగురి తెరిచిన ముక్కల్లో ఒక్క ఇస్పేటు కూడా లేకపోతే, ఏడు ముక్కలు వచ్చేసరికి అయిదు ఇస్పేట్ల కలర్ కుదిరే అవకాశం నూటికి దాదాపు 22. ఆ అయిదింటిలో మూడు ఇస్పేట్లు ఉంటే అదే అవకాశం నూటికి 11కి పడిపోతుంది. మీ చేతిలో ఒక్క ముక్క కూడా మారలేదు, అయినా దాని విలువ సగమైంది. చేతిలోని ముక్కల అందం చూసి పందెం కట్టేవారికి ఈ సగం ఎక్కడ పోయిందో ఎప్పటికీ తెలియదు. ఇంకో చిక్కు ఉంది. మూడో వీధిలో తప్పుకున్నవారి తెరిచిన ముక్కలు వెంటనే తిరగబడి కట్ట పక్కకు పోతాయి. అవి కనిపించేది కొద్ది క్షణాలు మాత్రమే. ఆ క్షణాల్లో మీరు మీ మూసిన ముక్కల మూల ఎత్తి మురిసిపోతుంటే, ఆట అప్పుడే చేజారిపోయినట్టు.

మా పెద్దమ్మ అలా చూసుకోదు. ముక్కలు పంచుతున్నంతసేపూ ఆమె చేతులు ఒడిలో ఉంటాయి. అందరి తెరిచిన ముక్కలూ ఎడమ నుంచి కుడికి ఒకసారి పెదవులు కదుపుతూ చదువుకుంటుంది, అష్టోత్తరం చదివినట్టే ఉంటుంది. అది అయ్యాకే తన మూసిన ముక్కలు ఎత్తుతుంది. ఎందుకలా అని మొదట్లో అడిగాను. "నావి యాడికి పోతాయి నాయనా, నా కాడనే ఉంటాయి. పోయేటియి ముందు జూసుకోవాల" అంది.

ఆమె ఈ చూపు ఎక్కడ నేర్చుకుందో తరువాత తెలిసింది. మా పెదనాన్న పుంగనూరు వైపు సంతల్లో ఎద్దుల బేరగాడు. ఆ బేరం తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని సాగుతుంది; పక్కవారికి ధర తెలియదు, ముఖాల మీద ఏమీ కనిపించనివ్వరు. కొనేవాడు ఎంతదాకా వస్తాడో తెలుసుకోవడానికి పెదనాన్న వాడి ముఖం చూసేవాడు కాదట. పొద్దున్నుంచి వాడు ఏయే ఎద్దుల దగ్గర ఆగాడు, ఏవి వదిలేసి వచ్చాడు, వదిలేసినవాటి ధర ఎంతన్నది చూసేవాడట. వదిలేసినవి తెలిస్తే వెతుకుతున్నదేదో తెలుస్తుందని ఆయన అనేవాడని పెద్దమ్మ చెబుతుంది. స్టడ్ ఆటకు ఇంతకంటే మంచి ప్రవేశం నేను ఇంకెక్కడా వినలేదు.

ఇప్పుడు నా ఓటమి ఒకటి పూర్తిగా చెప్పాలి, నా వాదనంతా దానిలోనే ఉంది.

ఆరుగురం కూర్చున్నాం. తెరిచిన ముక్కలు ఇవి: బావకు ఆఠీను రెండు, పక్కింటాయనకు కళావరు జాకీ, మా ఆవిడకు ఆఠీను రాజు, నాకు ఆఠీను పది, మేనల్లుడికి ఆఠీను ఎనిమిది, పెద్దమ్మకు ఇస్పేటు ఏడు. నా మూసిన ముక్కల్లో ఇంకొక పది, కళావరు ఆసు. చిన్న ముక్క బావది కనుక ఆయన రెండు గింజలు వేశాడు. పక్కింటాయనా, మా ఆవిడా ప్యాకు చేశారు. పదుల జత ఉంది కదా అని నేను నాలుగుకు పెంచాను. మేనల్లుడు తప్పుకున్నాడు, పెద్దమ్మ నాలుగూ వేసింది, బావ తప్పుకున్నాడు. మధ్యలో పదహారు గింజలు.

నాలుగో ముక్క నాకు ఆఠీను అయిదు, ఆమెకు డైమను నాలుగు. నేను నాలుగు వేశాను, ఆమె సరిపెట్టింది. అయిదో ముక్క నాకు కళావరు మూడు, ఆమెకు ఆఠీను నాలుగు. నాలుగుల జత తెరిచి కనపడుతోంది కాబట్టి ఆమే ముందు మాట్లాడి ఎనిమిది వేసింది, నేను సరిపెట్టాను. కుప్ప నలభై అయింది. ఆరో ముక్క నాకు ఆఠీను రాణి. ఇప్పుడు నా ముందు పది, అయిదు, రాణి అని మొత్తం మూడు ఆఠీన్లు తెరిచి ఉన్నాయి. ఆమెకు ఇస్పేటు తొమ్మిది పడింది. ఆమె పందెం కట్టకుండా నాకు వదిలింది. ఆఠీను కలర్ కుదిరినట్టు కనిపించడానికి ఇంతకంటే మంచి సమయం రాదనుకుని ఎనిమిది వేశాను. ఆమె కొంచెంసేపు ఆగి ఎనిమిది వేసింది. ఏడో ముక్క మూసి పడింది. నాకు ఏమీ కలిసిరాలేదు. ఆమె మళ్ళీ వదిలింది, నేను మళ్ళీ ఎనిమిది వేసి, ఆమె ముఖంలోకి చూశాను. ఆమె నా ముఖంలోకి చూడలేదు. వేలితో ఎనిమిది గింజలు లెక్కపెట్టి ముందుకు తోసి, మూసిన ముక్కల్లోంచి ఇంకొక ఏడును తిప్పింది. ఏడులు, నాలుగులు, రెండు జతలు. నా పదుల జత ఓడిపోయింది.

ఎలా తెలిసిందని అడిగితే ఆమె చెప్పిన జవాబును ఉన్నదున్నట్టుగా రాస్తాను. "మూడు ఆఠీన్లు చేతిలో పెట్టుకోని, బల్లమింద ఇంగో మూడు ఆఠీన్లు కనపడతా ఉంటే, లెక్కల అయ్యోరివి, నువ్వు పెంచుతావా? నువ్వు పెంచినావంటే జతే. పదుల జతే."

ఇందులో రెండు సంగతులున్నాయి, రెండూ వేరువేరుగా చూడదగినవి. మొదటిది ముక్కల లెక్క. బావది, మా ఆవిడది, మేనల్లుడిది, ఆమెదే ఒకటి, నావి మూడు కలిపి పదమూడు ఆఠీన్లలో ఏడు ఆమెకు కనిపించాయి. ఆమె చూడని 37 ముక్కల్లో మిగిలినవి ఆరు ఆఠీన్లు. నా మూడు మూసిన ముక్కలు ఏవైనా కావచ్చని గుడ్డిగా లెక్కవేసినా, వాటిలో కనీసం రెండు ఆఠీన్లు ఉండే అవకాశం నూటికి 6 మాత్రమే. నావి తప్ప మరే ఆఠీనూ ఆమె కంట పడకపోయి ఉంటే అదే నూటికి 17 అయ్యేది. చివర్లో కుప్పలో 64 గింజలుండగా ఆమె వేయవలసింది 8. తొమ్మిది సార్లలో ఒక్కసారి ఆమె మాట నిజమైనా నష్టం లేదు. ఈ లెక్క ఆమె నోటితో చెప్పదు గానీ, ఎనిమిది గింజలను కుప్ప పక్కన పెట్టి రెండింటినీ చూసుకున్నప్పుడు చేసేది సరిగ్గా ఇదే.

రెండోది ఇంకా లోతైనది. ఆమె నా చివరి పందేన్ని ఒంటరిగా చదవలేదు, మూడో వీధిలో నేను వేసిన పందెంతో కలిపి చదివింది. నా మాటలో కథ మధ్యలో మారిపోయింది. మొదట జత ఉన్నవాడిలా నడిచి, ఆరో ముక్క పడగానే కలర్ ఉన్నవాడి వేషం వేశాను. ప్రత్యర్థిని చదవడమంటే నా దృష్టిలో ఇదే. ప్రతి వీధిలోనూ, అప్పటికి కనిపిస్తున్న ముక్కల ముందు, ఈ మనిషి ఈ పందెం ఏ చేతితో కడతాడు అని అడుగుతూ వెళ్ళడం, ముందరి జవాబుకు పొసగని జవాబులను ఒక్కొక్కటిగా కొట్టివేయడం. ఏడో వీధికి వచ్చేసరికి మిగిలేవి ఒకటో రెండో చేతులు.

వేషమన్నాను కనుక మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వారం రోజులు జరుగుతుంది. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అంటూ ఒక్కోరోజు ఒక్కో వేషం వేసి భక్తులు తిరుగుతారు. స్త్రీలను చెరబట్టిన పాలెగాడు భయపడి దాక్కుంటే, అమ్మవారు రోజుకో వేషంలో వెతికి, చివరికి దొర వేషంలో వచ్చినప్పుడు అతను బయటపడ్డాడని కథ. నేను చిన్నప్పుడు నాన్న భుజాల మీద కూర్చుని ఆ వేషాలు చూశాను, పెద్దయ్యాక ఒక ఏడు మొక్కుకుని వేషం కట్టాను కూడా. దాక్కున్నవాడిని బయటికి రప్పించింది దొర వేషమొక్కటే, ఎందుకంటే దొర వస్తే బయటికి రావలసిన కారణం పాలెగాడికి ఉంది. పేకాటలో బుకాయింపుకు కూడా అలాంటి కారణం ఎదుటివారి కళ్ళముందు ముక్కల్లోనే ఉండాలి. ఆఠీన్లు చచ్చిపోయిన బల్ల మీద ఆఠీను వేషం ఎవరూ నమ్మరు. మొదటి ముక్క నుంచీ కట్టుకోని వేషం ఆరో ముక్క దగ్గర కట్టుకుంటే అతుకు కనపడుతుంది.

ఆ రాత్రి నేను చేసిన తప్పు ఇంకొకటి ఉందని చాలా రోజుల తరువాత గాని నాకు తెలియలేదు. 1944లో జాన్ వాన్ న్యూమన్, ఆస్కార్ మోర్గెన్‌స్టర్న్ అనే ఇద్దరు పోకర్‌ను బాగా కుదించి ఒక గణిత నమూనాగా చేసి పరిశీలించారు. బలమైన చేతులతోనూ, మరీ బలహీనమైన చేతులతోనూ పెద్ద పందెం కట్టాలని, మధ్యరకం చేతులతో ఊరుకోవాలని అందులో తేలింది. క్లాసులో పిల్లలకు ఈ విషయం నేనే చెప్పాను. నా పదుల జత సరిగ్గా మధ్యరకం చెయ్యి. ఆమె దగ్గర నాలుగుల జత ఒక్కటే ఉంటే, ఊరికే ముక్కలు తిప్పినా నేను గెలిచేవాణ్ణి. రెండు జతలుంటే ఎలాగూ ఆమె వదలదు. అంటే నా ఎనిమిది గింజలకు నాకంటే చిన్న చేతులు పారిపోతాయి, పెద్ద చేతులు నిలబడతాయి. గెలిచేచోట ఏమీ కలిసిరాని, ఓడేచోట ఎక్కువ పోయే పందెం అది. పనికిరాని చెయ్యి ఉన్నప్పుడే బుకాయించాలి, చూపిస్తే ఎంతోకొంత గెలిచే చేతితో కాదు.

ముఖాల పక్షం వహించేవారు ఇక్కడ ఒక మాట అడుగుతారు. ఆమె అప్పుడు నీ ముఖం చూడలేదని నీకెలా తెలుసు, నాలుగేళ్ళుగా నిన్ను చూస్తున్న మనిషి కదా అని. తెలిసినవాళ్ళ మధ్య ముఖం ఎంతోకొంత చెబుతుందని నేను ఒప్పుకుంటాను. మా మేనల్లుడి చేతులు వణికితే మొదట్లో నేను భయమనుకుని పందెం పెంచేవాణ్ణి. మూడుసార్లు పెద్ద చేతులు చూపించాక గాని, అవి వణికేది మంచి ముక్క పడినప్పుడని అర్థం కాలేదు. అందుకే ముఖపు ఆనవాళ్ళను నమ్మడం ప్రమాదమంటున్నాను. ఒకే వణుకుకు ఇద్దరు రెండు అర్థాలు చెబుతారు, ముక్కల లెక్క అలా రెండు నాలుకలతో మాట్లాడదు. 2013లో సైకలాజికల్ సైన్స్ అనే పత్రికలో వచ్చిన ఒక పరిశోధన నా వాదనకు దగ్గరగా ఉంది. నిపుణులైన ఆటగాళ్ళు పందెం కడుతున్న వీడియో ముక్కలను విద్యార్థులకు చూపించి, వారి చేతిలోని ముక్కలు ఎంత మంచివో ఊహించమన్నారు. ముఖాలు మాత్రమే చూసినవారి ఊహలు ఎందుకూ పనికిరాలేదు. పందెం తోసే చేతుల కదలిక మాత్రమే చూసినవారు కొంత మెరుగ్గా చెప్పారు. ముఖాన్ని అదుపులో పెట్టుకోవడం అందరికీ తెలిసిన విద్యే గనుక అది ఎక్కువగా అబద్ధమే చెబుతుందని నేను దీన్నిబట్టి అనుకుంటున్నాను.

తెరిచిన ముక్కలు నేర్పే చదువులో ఇంకొకటి తప్పక చెప్పాలి. ఎవరికైనా మూడో వీధిలో తెరిచి పడిన ముక్కకే తరువాత జత పడితే జాగ్రత్త పడాలి. మొదటి మూడు ముక్కల్లో జత ఉన్న ప్రతి మూడు సందర్భాల్లో రెండింటిలో, ఆ జతలో ఒకటి తెరిచిన ముక్కే అయి ఉంటుంది. కాబట్టి తెరిచిన రాణి మీద ఇంకొక రాణి పడితే, జత ఉన్నట్టుగా మొదటి నుంచి పందెం కడుతూ వచ్చిన మనిషి దగ్గర లోపల మూడో రాణి ఉండే అవకాశం ఎక్కువ. నాలుగో వీధిలో జత తెరిచి కనపడితే పందెం రెట్టింపు చేసే వీలు కూడా నియమాల్లోనే ఉంది. అప్పుడు చూడవలసింది మిగిలిన ఇద్దరు రాణులు ఎక్కడున్నారన్నది. ఒకరు మీ దగ్గరుండి, ఇంకొకరు మూడో వీధిలో ప్యాకు అయినవారితో వెళ్ళిపోయి ఉంటే, మూడు రాణుల భయం ఒట్టిదే. ఆ వెళ్ళిపోయిన రాణిని గుర్తుపెట్టుకున్నవారు ధైర్యంగా పెంచుతారు. గుర్తులేనివారు మంచి చేతిని పారేసి, ఎదుటివాడి ముఖం చూస్తే మూడు రాణులున్నట్టే అనిపించిందని చెప్పుకుంటారు.

పోయిన ఆదివారం మేడ మీద గాలి బాగుంది. కొండ మీది ఘాట్ రోడ్డు దీపాలు వరుసగా కనపడుతున్నాయి. నాకు మూడు ఇస్పేట్లు పడ్డాయి, అందులో ఆసు కూడా ఉంది. ఎత్తి చూసుకోకముందే బల్ల చుట్టూ ఒకసారి చదువుకున్నాను: పక్కింటాయన దగ్గర ఇస్పేటు ఆరు, మేనల్లుడి దగ్గర ఇస్పేటు జాకీ, మా ఆవిడ దగ్గర ఇస్పేటు మూడు. అప్పటికే ఇద్దరు పందెం పెంచి ఉన్నారు. ముక్కలు మూసి పక్కన పెట్టాను. ఆట అయిపోయి గింజలు సర్దుతుండగా పెద్దమ్మ నా వైపు తిరగకుండానే, "బావ ఫస్టు పారేసిందేంది?" అని అడిగింది.

"డైమను తొమ్మిది" అన్నాను.

"దానెనకాల?"

"మేనల్లుడిది. ఇస్పేటు జాకీ."

ఆమె తలూపి, పేకకట్ట నా ముందు పెట్టింది. "నువ్వు పంచు" అంది.